చంద్రిక చూసిన చర్చలు

అమెరికాలో అరోరా అనే ఊళ్లో హైస్కూల్ ఆఖరి ఏడాది చదువుతున్న చంద్రికకు నోరున్న పిల్లని పేరు. అది ఇంట్లో తిట్టు, స్కూల్లో బిరుదు. డిబేట్ టీమ్‌లో ఆమె పొద్దున మరణశిక్ష ఉండాలని వాదించి, మధ్యాహ్నం ఒక శాండ్‌విచ్ తిని, అదే మరణశిక్ష ఉండకూడదని వాదించేది. రెండుసార్లూ గెలిచేది. ఎవరు ఏ పక్షమో నాణెం ఎగరేసి తేల్చేవారు. ఊపిరి తీసుకోకుండా ఎంత గబగబా చదివితే అంత మంచిది. ఎదుటివాడు ఏ ఒక్క పాయింటుకు జవాబు చెప్పడం మరిచినా దాన్ని ఒప్పుకున్నట్టే లెక్క. చేరిన కొత్తలో ఇది గొప్ప విద్య అనుకుంది. ఆఖరి ఏడాదికి వచ్చేసరికి తన గొంతే తనకు వేలంపాట గొంతులా వినిపించసాగింది.

ఆ ఏడు, అంటే రెండువేల పదమూడులో, గవర్నమెంట్ క్లాసు, అంటే పౌరశాస్త్రం, చెప్పే మిసెస్ కోల్మన్ ఒక పని అప్పజెప్పింది: టీవీలో ఏదైనా ఒక చర్చను కొన్నాళ్లు చూసి, ఎవరి వాదన గెలిచిందో రాయాలి. తోటిపిల్లలందరూ అమెరికా చానళ్లు పట్టుకున్నారు. చంద్రికకు అవి చూసి చూసి రోత పుట్టింది. అందుకని నాన్న చూసే తెలుగు చానల్‌ని ఎంచుకుంది. అక్కడి పొద్దుటి చర్చ ఇక్కడ భోజనాల వేళకు వస్తుంది. రాష్ట్రం విడిపోతుందా లేదా అని తెలుగువాళ్లంతా ఉడికిపోతున్న రోజులవి.

రెండు రోజులు చూసేసరికి ఆమెకు నవ్వొచ్చింది. ఇక్కడి సూటుకోట్లే, ఇక్కడి అరుపులే, భాష ఒక్కటే వేరు. అడిగేవాడు జవాబు వినడు, చెప్పేవాడు ప్రశ్న వినడు. పెద్దమనిషి ఒకడు చేతిలో కాగితాలు ఊపుతాడే గానీ చదవడు. గొడవ ముదిరి ఎవరికైనా గొంతు బొంగురుపోతే, యాంకర్ మొహం పండక్కి కొత్తబట్టలు కట్టుకున్నవాడి మొహంలా వెలిగిపోతుంది. సరిగ్గా అప్పుడే విరామం.

అమ్మ అనురాధ పళ్లేలు సర్దుతూ, "దీన్నా నువ్వు హోంవర్క్ అంటున్నది?" అంది.

"మా టీమ్ కన్నా వీళ్లు స్లోగా మాట్లాడతారు మమ్మీ. అంతే డిఫరెన్స్."

నాన్న శశికాంత్‌ది గుంటూరు. ఆయన స్నేహితుడు కృష్ణమోహన్‌ది నల్గొండ. ఒకే ఆఫీసు. ఏళ్ల తరబడి ఇద్దరూ ఒకే కార్‌లో వెళ్లొచ్చేవారు. నవంబరు ఆఖర్లో థాంక్స్ గివింగ్ పండగ నాడు కృష్ణమోహన్ ఎప్పటిలాగే భార్యతో భోజనానికి వచ్చాడు. బిర్యానీ వడ్డించారు. కృష్ణా నీళ్ల మాట ఎవరెత్తారో గానీ, అయిదు నిమిషాల్లో ఇద్దరి గొంతులూ లేచాయి.

చంద్రిక ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగింది. నాన్న అంటున్న మాటలు మొన్న టీవీ చర్చలో నీలం కోటు ఆయన అన్నవే. కృష్ణమోహన్ తిప్పికొడుతున్నవి తెర మీద ఆ పక్క కిటికీలో కనిపించిన గడ్డమాయన మాటలు. చేతులు ఊపడం కూడా అదే.

"డాడీ, అది బ్లూ కోట్ ఆయన చెప్పాడు. అంకుల్, మీది ఆ బియర్డ్ ఆయనది. మీ ఓన్ మాటలు లేవా?"

"నువ్వు తిను," అన్నాడు శశికాంత్.

"అసలు రివర్‌లో ఎన్ని నీళ్లు ఉన్నాయి?"

కృష్ణమోహన్ గొంతు తగ్గించి, "బిడ్డా, ఎన్ని నీళ్లున్నయో నాకు తెల్వది. మా నాయిన బోరు మీద బోరు ఏసిండు. ఒక్కటీ పడలే. పడిన ఒక్కదాంట్ల ఫ్లోరైడ్ నీళ్లు. అవే తాగి మా చిన్నాయిన కాళ్లు..." అన్నాడు.

ఆ మధ్యాహ్నమంతా కలిపి టీవీలో వినని మాట అదొక్కటే. చంద్రిక ముందుకు వంగింది. కానీ శశికాంత్ అప్పటికే ఊపులో ఉన్నాడు. "సెంటిమెంట్‌తో రాష్ట్రాలు నడవవు కృష్ణా!" అన్నాడు. అదీ నీలం కోటుదే.

కృష్ణమోహన్ చెయ్యి కడుక్కున్నాడు. భార్యను పిలిచాడు. "నీ టీవీతోనే తిను శశీ," అని కోటు తొడుక్కుని వెళ్లిపోయాడు. సోమవారం నుంచి ఎవరి కార్ వాళ్లది.

చంద్రిక తన వ్యాసంలో ఈ భోజనం గురించే రాసింది. ఎవరూ గెలవలేదని, ఒకాయన తన సొంత సంగతి చెప్పబోతే నోరు మూయించారని రాసింది. బి మైనస్ వచ్చింది.

"చక్కగా రాశావు," అంది మిసెస్ కోల్మన్, "కానీ ప్రశ్న ఎవరు గెలిచారని. నువ్వు ఒక పక్షం తీసుకోలేదు."

"పక్షం తీసుకున్నాను. ఎవరూ మాట పూర్తి చేయనివ్వని మనిషి పక్షం."

"దానికి మార్కులు కేటాయించలేదమ్మా," అందావిడ, నిజంగానే నొచ్చుకుంటూ. పాపం మంచిదే. మంచితనం కూడా మార్కుల పట్టీ దాటి బయటికి రాలేకపోవడం చూసి చంద్రికకు ఆవిడ మీద కోపం కన్నా ఏవగింపే ఎక్కువ కలిగింది. మర్నాడు డిబేట్ టీమ్ మానేసింది. కాలేజీ అప్లికేషన్ పాడవుతుందని కోచ్ బెదిరించాడు. టీమ్‌లోంచి ఎందుకు పోతున్నావని మాత్రం అడగలేదు.

శనివారం కార్ తీసుకుని కృష్ణమోహన్ ఇంటికి వెళ్లింది.

"మీ నాయిన పంపిండా?"

"లేదు అంకుల్. మీ చిన్నాయిన కాళ్లకి ఏమైంది? ఆ రోజు చెప్పలేదు."

ఆయన ఆమెను లోపల కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. వంగిపోయిన ఎముకలు, గార పట్టిన పళ్లు, బిందె నీళ్ల కోసం ఆయన తల్లి నడిచిన దూరం. తెలియని తెలుగు మాటలు వచ్చినప్పుడు చంద్రిక ఆపి అడిగింది. ఆయన విసుక్కోలేదు. టీ చల్లారిపోయింది.

ఇంటికొచ్చాక శశికాంత్ టీవీ గొంతు తగ్గించి, "ఏమన్నాడు?" అన్నాడు.

"మీరే వెళ్లి వినండి డాడీ. నేను చెప్తే మళ్లీ రిబటల్ అని తిప్పికొడతారు."

వెళ్లడానికి ఆయనకు మార్చి దాకా పట్టింది. అప్పటికి రాష్ట్రం విడిపోతుందని ఢిల్లీలో తేలిపోయింది. నీలం కోటాయన ఇంకేదో విషయం మీద అంతే ఆవేశంగా అరుస్తున్నాడు. తలుపు తీసిన కృష్ణమోహన్, "బూట్లు ఇడిచి రా, మంచు అంతా లోపలికొస్తది," అన్నాడట. ఆ సాయంత్రం శశికాంత్ చాలా ఆలస్యంగా ఇంటికొచ్చి భోజనానికి కూర్చున్నాడు. టీవీ పెట్టలేదు.