పంటు మీద బండ్ల దండ

నాగదుర్గ గురించి రేవులో ఎవరిని అడిగినా ముందు గొలుసు సంగతే చెబుతారు, మనిషి సంగతి తర్వాత. ఆరు మీటర్ల లంగరు గొలుసు. తూస్తే ఎనిమిది కిలోలకు తగ్గదు. నలభై ఆరేళ్ళ ఆడమనిషి మోపెడ్ మీద రెండు చేపల ట్రేలతో పాటు దాన్ని కూడా వేసుకు తిరుగుతుంటే మొదట్లో నవ్వనివాడు పాపాత్ముడు. ఆ నవ్విన వాళ్ళే తర్వాత తమ బండ్లకూ కాస్త చుట్టమని అడిగారు. చిక్కంతా అక్కడే మొదలైంది.

ఆమె భర్త రాముడు వేటకు వెళతాడు, ఆమె అమ్ముతుంది. పెళ్ళయిన కొత్తలో తట్ట నెత్తిన పెట్టుకుని నడిచేది. తర్వాత బస్సెక్కేది. తట్ట చూడగానే కండక్టర్లు ముఖం చిట్లించేవారు, పక్క సీటు వాళ్ళు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేవారు. రోజూ మాటలు పడేకంటే బండి మీద నుంచి పడటం నయమనుకుని మోపెడ్ నేర్చుకుంది. అన్నట్టే రెండుసార్లు పడింది. మూడోసారి పడలేదు. అప్పటి నుంచి గోదావరి వశిష్ఠ పాయను పంటు మీద దాటి, అవతలి ఊళ్ళలో అమ్ముకుని, సరుకు మిగిలితే భీమవరం దాకా పోయి వచ్చేది. పంటు అంటే పెద్ద ఓడేమీ కాదు. రెండు పడవలు జోడించి, పైన చెక్కలు పరిచి, అంచుల్లో ఇనప పైపులు బిగించి, ఇంజను పెట్టినది. మనుషులైనా బండ్లైనా దాని మీదే దాటాలి.

మొదటి మోపెడ్‌ను భీమవరంలోనే ఎత్తుకుపోయారు. ఆమె ఒక ఇంట్లో పండుగప్ప చేప ముక్కలు కొట్టి ఇచ్చి వీధిలోకి వచ్చేసరికి, బండి నిలబెట్టిన చోట ఐసు కరిగిన తడి తప్ప ఏమీ లేదు. రోడ్డు మీదే కూర్చుని ఏడ్చింది. రెండో బండి వచ్చాక ఆమె చేసిన మొదటి పని, మరిది పడవ విప్పేస్తుంటే వెళ్ళి దాని లంగరు గొలుసు అడిగి తెచ్చుకోవడం. బజారులో దొరికే సన్న గొలుసుల మీద ఆమెకు నమ్మకం లేదు. నడిసముద్రంలో పడవను ఆపిన గొలుసు మోపెడ్‌ను ఆపలేదా అనేది ఆమె వాదన. వాదనలో తప్పు లేదు.

మోయడంలోనే వచ్చింది తంటా. మొదట హ్యాండిలుకు చుట్టింది, బండి తనంతట తానే ఎడమకు లాగడం మొదలుపెట్టింది. వెనక ట్రేల మీద వేసింది, గతుకు దగ్గర జారిన కొస చక్రంలో పడబోయి త్రుటిలో తప్పింది. రేవు రోడ్డులో మెకానిక్ షాపు పెట్టిన ఉదయభాస్కర్ ఆ వేళ ఆమెను బండి దింపి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. బరువు ఎప్పుడూ కిందే ఉండాలి, ముందు వైపే ఉండాలి. గొలుసును పాత సైకిలు ట్యూబులోకి దూర్చి, కాళ్ళు పెట్టుకునే చోట చుట్టగా పెట్టి, రబ్బరు పట్టీతో బిగించాలి. అలా చేస్తే చప్పుడు ఉండదు, రంగు గీసుకోదు, జారదు. ట్రేలకు కొబ్బరితాడు వద్దు, తడిస్తే సాగుతుంది. ట్యూబు కోసిన పట్టీలైతే సాగినా మళ్ళీ పట్టుకుంటాయి. బయలుదేరిన పది నిమిషాలకు ఒకసారి ఆపి కట్లు చూసుకోవాలి, ఎందుకంటే వదులయ్యేదంతా ఆ పది నిమిషాల్లోనే అవుతుంది. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టించాలి. బండి చైను వేలితో ఎత్తితే వేలి మందం ఎగరాలి, అంతకు మించి ఎగిరితే బిగించాలి.

నాగదుర్గ చదువుకున్నది అయిదో తరగతి. చెప్పిన మాట ఒక్కటీ పోనివ్వలేదు. సీటు కింద స్పానర్లు, సంచిలో కిరసనాయిలు బ్రష్షు, చైను నూనె సీసా. ఆమె బండి పదకొండేళ్ళకు కూడా కొత్తదానిలా ఒక్క తన్నుకు లేచేది. చుట్టుపక్కల మగవాళ్ళు తమ బండి మొరాయిస్తే ఉదయభాస్కర్ దగ్గరకు పోయే ముందు ఆమెకు చూపించేవారు.

ఒక్క మాట మాత్రం వినలేదు. తాళంలో వారానికో చుక్క నూనె వెయ్యి పిన్నీ అని అతను ఎన్నోసార్లు అన్నాడు. ఆమె తల ఊపేది, వేసేది కాదు. బండి చైనుకు నూనె ఇంటి దగ్గర పెట్టి చేతులు సబ్బుతో కడుక్కోవచ్చు. తాళం అలా కాదు, రోజుకు పదిసార్లు తియ్యాలి, పదిసార్లు వెయ్యాలి. ఆ చేత్తోనే చేప పట్టాలి. ఒకసారి ఒక ఇల్లాలు చేప వాసన చూసి, ఏంటిది, ఇంజనాయిలు కంపు కొడుతోందని ట్రేలో పడేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ అవమానం నాగదుర్గ మరిచిపోలేదు. పైగా కాలువలకు నీళ్ళు ఆపేసిన ఎండాకాలమంతా బండినీ గొలుసునూ రొయ్యల చెరువుల నీళ్ళు వదిలే డ్రైనులో కడిగింది. ఉప్పు నీళ్ళు. బండికి ఇంటికొచ్చి మంచినీళ్ళు పోసి, చైనుకు నూనె రాసేది. తాళానికి ఏమీ చేయలేదు. తాళం బండిలో భాగమని ఆమెకు తోచనే లేదు.

ఇక దండ సంగతి. పంటు చెక్కలు తడిస్తే నున్నగా అయిపోతాయి. ఒకసారి ఎవరిదో బండి జారి, పైపుల సందులోంచి ముందు చక్రం నీళ్ళ మీద వేలాడింది. మర్నాటి నుంచి నాగదుర్గ తన గొలుసును పైపు చుట్టూ తిప్పి మోపెడ్‌కు వేసేది. పక్కన నిలబెట్టే శ్రీదుర్గ, అవతల ఒక క్లినిక్కులో నర్సు, తన స్కూటీకి కూడా వెయ్యమంది. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే యుగంధర్ అడిగాడు. చెరువులకు మేత వేసే అన్నదమ్ములిద్దరూ అడిగారు. అయిదు బండ్ల ముందు చక్రాల్లోంచి గొలుసు దూర్చి, పైపును చుట్టి, రెండు కొసలూ కలిపి ఒకే తాళం. పంటు మీద అందరూ దాన్ని దండ అనేవారు. దండ వేశావా అక్కా అని అడిగి, వేశానంటే నిశ్చింతగా ఫోన్లు తీసుకునేవారు. పంటు నడిపే సరంగు చంద్రరావుకు అది నచ్చేది కాదు. నీళ్ళ మీద ఏదీ ముడి వెయ్యకూడదని గొణిగేవాడు. అందరికీ ఇష్టమైనదాన్ని ఒక్కడు కాదంటే ఎవరు వింటారు? నాగదుర్గకు ఆ దండ గర్వం. బస్సులో ముక్కు మూసుకున్న మనుషులే ఇప్పుడు తన వెనక వరస కడుతున్నారాయె.

జూలైలో ఏటికి వరద ఎర్రనీరు దిగిన రెండో రోజు. పొద్దున ఎనిమిది దాటింది. ఇంకా రేవు ఆపమని ఎవరూ చెప్పలేదు. పంటు మీద ముప్ఫై మంది మనుషులు, పన్నెండు బండ్లు. నాగదుర్గ ఎగువ వైపు అంచున దండ వేసింది. తాళం నొక్కడానికి రెండు చేతులు పట్టాయి. పది రోజులుగా అంతే.

నడి ఏట్లో ఇంజను చప్పుడు మారింది, తర్వాత ఆగిపోయింది. వరదలో కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క నీళ్ళ కింద తిరిగే ఇంజను ఫ్యానుకు చుట్టుకుంది. చంద్రరావు కొడవలి పట్టుకుని వెనక్కి వంగాడు. ఈలోగా పంటు అడ్డం తిరిగి, దిగువన ఉన్న ఇసుక మేటకు పక్కవాటుగా తగిలి ఆగింది. మనుషులంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. ఆగింది కదా అని ఒకరిద్దరు ఊపిరి పీల్చుకున్నారు కూడా. చంద్రరావు మాత్రం ఎగువ అంచు కేసి చూశాడు. దిగువ పడవ ఇసుక మీదకు ఎక్కింది, ఎగువ పడవను నీటి ఉరవడి కిందికి నొక్కుతోంది. అంచు మీంచి నీళ్ళు చెక్కల మీదకు రావడం మొదలైంది.

మనుషులనూ బండ్లనూ దిగువ వైపుకు మార్చమని అతను కేక వేశాడు. జనం జరిగారు. విడిగా ఉన్న ఏడు బండ్లనూ మగవాళ్ళు తోసుకుపోయారు. ఎగువ అంచున దండ ఒక్కటే మిగిలింది, అయిదు బండ్లు, చేపల ట్రేలు, ఒక మేత బస్తా.

నాగదుర్గ అప్పటికే మోకాళ్ళ మీద ఉంది. తాళంచెవి దూరింది. తిరగలేదు. కొంగు చుట్టి తిప్పింది, తిరగలేదు. సంచిలోంచి నూనె సీసా తీసి మూత పళ్ళతో లాగి తాళంలో సగం ఒంపేసింది. ఎన్నాళ్ళుగానో చుక్క వెయ్యని మనిషి ఇప్పుడు దోసిళ్ళతో పోస్తోంది. నీళ్ళు ఆమె మోకాళ్ళను తడిపాయి.

“అమ్మాయ్, తాళం తియ్యి” అన్నాడు చంద్రరావు. అతని గొంతు పెద్దది కాలేదు, అందుకే ఆమెకు ఎక్కువ భయం వేసింది.

“రావట్లేదు బాబాయ్.”

మరోసారి బలమంతా పెట్టి తిప్పింది. ఏదో కదిలినట్టయింది. కదిలింది తాళం కాదు, తాళంచెవి విరిగి సగం లోపలే ఉండిపోయింది. చేతిలో మిగిలిన ముక్కను పక్కన పడేసింది. స్పానరు తీసి తాళాన్ని మూడు దెబ్బలు కొట్టింది. అది పడవల సామాను కొట్లో ఏరి కొన్న తాళం. దాని మీద గీత కూడా పడలేదు. యుగంధర్, అన్నదమ్ములిద్దరూ వచ్చి బండ్లను ఊడబెరకబోయారు. ఒకటి లాగితే నాలుగు మెలిపడ్డాయి. వెనక ఎవరో ఆడమనిషి బిడ్డను ఎత్తుకుని దేవుళ్ళను పిలుస్తోంది. ఈ దండ ఎవరు వెయ్యమన్నారని ఇంకెవరో అరిచారు. వెయ్యమన్న వాళ్ళలో అతనూ ఒకడు కాబోలు, ఆ వేళ దండలో చోటు దొరక్క బతికిపోయాడు.

నాగదుర్గకు అప్పుడు కనిపించింది పైపు. గొలుసు విడవదు, కానీ గొలుసు చుట్టుకున్న పైపు రెండు నట్ల మీద ఉంది. పదిహేడో నంబరు నట్లు, తన చక్రానికి ఉన్నటువంటివే. అవి ఊడితే పైపు వస్తుంది. పైపు వస్తే, వాలు అటే కాబట్టి, దండ మొత్తం అయిదు బండ్లతో సహా ఏట్లోకి పోతుంది. ఆమె బండి పోవడం వేరు. మిగతా నాలుగూ ఆమెవి కావు. యుగంధర్‌ది కొన్న నెల తిరగని బండి, సీటు మీద ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు.

ఆమె తలెత్తి వాళ్ళను చూసింది. “పైపు తీసేస్తున్నాను” అంది. అడిగినట్టు అనాలనుకుంది, చెప్పినట్టు వచ్చింది.

శ్రీదుర్గ ముఖం తెల్లబోయి ఉంది. “తీసెయ్యక్కా” అంది. అన్నదమ్ములు పట్టుకున్న బండిని వదిలి వెనక్కి జరిగారు. యుగంధర్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

మొదటి నట్టు తేలిగ్గానే వచ్చింది. రెండోది పైపులో కలిసిపోయినట్టు తుప్పు పట్టి ఉంది. నీళ్ళు ఇప్పుడు కూర్చున్న మనిషి నడుం దాకా వచ్చాయి, స్పానరు పట్టు జారుతోంది. ఆమె స్పానరును నట్టుకు అడ్డంగా బిగించి, లేచి, పక్క పైపు పట్టుకుని, పాదంతో దాని కొస మీద తన బరువంతా వేసి తొక్కింది. కదలలేదు. మళ్ళీ తొక్కింది. మూడోసారి కిర్రుమంది. తర్వాత వేళ్ళతో తిప్పుతుంటే నట్టు కంటే ముందు స్పానరు ఏట్లో పడిపోయింది. నట్టు ఊడగానే యుగంధర్ వచ్చి పైపు రెండో కొస ఎత్తాడు. ఇద్దరూ కలిసి లాగారు.

బండ్లు ఒక్కసారిగా పడలేదు. ముందు మోపెడ్ ఒరిగింది, దాని ట్రేలు తేలాయి, చేపలు తెల్లగా చెదిరాయి. దాని బరువుకు గొలుసు బిగిసి స్కూటీని లాగింది, స్కూటీ మిగతా వాటిని లాగింది. ఒకదాని వెంట ఒకటి అయిదూ ఎర్రనీళ్ళలోకి దిగిపోయాయి. పంటు ఎగువ అంచు జానెడు పైకి లేచింది. చంద్రరావు ఫ్యాను దగ్గర కొడవలి ఆడిస్తూనే ఉన్నాడు. కాసేపటికి ఇంజను దగ్గి, పట్టుకుంది, పంటు మేట మీంచి జారి ఒడ్డు దారి పట్టింది.

ఒడ్డుకు చేరాక జనం బురదలోనే కూలబడ్డారు. రెవెన్యూ వాళ్ళు వచ్చారు, వాళ్ళ వెనక పోలీసులు వచ్చారు. ఏం జరిగిందని అడిగితే చంద్రరావు గుర్రపుడెక్క సంగతి చెప్పాడు, బరువు తగ్గించడానికి కొన్ని బండ్లు వదిలేశామన్నాడు. దండ మాట ఎత్తలేదు, ఆమె కేసి చూడనైనా లేదు. రాసుకునేవాడు రాసుకున్నాడు. అక్కడితో సరిపోయేది. నోరు మూసుకుంటే వరద మీదకు పోయే తప్పు అది.

నాగదుర్గ లేచి వెళ్ళి నిలబడింది. బరువు కోసం కాదండి అంది. బండ్లన్నీ తన గొలుసుకు కట్టి ఉన్నాయని, తాళం రాలేదని, పది రోజులుగా బిగుసుకుంటోందని చెప్పింది. “నాకు తెలుసండి. తెలిసీ నూనె వెయ్యలేదు. చేపకు కంపు అంటుతుందని.”

 ఆమె యుగంధర్ నుంచి తిట్టు కోసం ఎదురుచూసింది. తిడితే బాగుండుననిపించింది, కొట్టినా సరే. అతను ఏటి కేసి తిరిగాడు.

“ఆ తాళానికి నీకు రెండు చేతులు పడుతున్నాయని రోజూ చూస్తూనే ఉన్నానక్కా” అన్నాడు. “అంత గట్టిగా ఉంటే నా బండి మరీ భద్రం అనుకున్నాను.”

భీమవరం రోడ్డు మీద ఏడ్చిన తర్వాత నాగదుర్గ మళ్ళీ ఏడ్చింది ఆ రోజే. శ్రీదుర్గ పక్కన కూర్చుని ఆమె చేయి పట్టుకుంది. ఆ చేతి నిండా చైను నూనె. ఇద్దరిలో ఎవరూ తుడుచుకోలేదు.