నేను చెప్పిన సాక్ష్యం

హన్మకొండలో జూనియర్ కాలేజీ లెక్చరర్‌గా చేరినప్పటి నుంచి నేను స్కూటర్ మీదే తిరిగాను. కారు కొనేసరికి యాభై మూడేళ్లు వచ్చాయి. ఆలస్యంగా వచ్చిన వస్తువు కాబట్టి దాని మీద మోజు కూడా ఎక్కువే ఉండింది. ముందు భాగంలో పలకంత తెర. ఫోన్ జేబులో ఉండగానే కారుతో కలిసిపోయేది. మెసేజ్ వస్తే ఒక ఆడగొంతు చదివి వినిపించేది. కారు ఎక్కడుందో, ఎంత వేగంతో పోతోందో నా భార్య తన ఫోన్‌లో చూసుకోవచ్చు. దేనికైనా గుద్దుకుంటే ఆమెకు వెంటనే తెలుస్తుంది. షోరూంలో ఇవన్నీ చెబుతుంటే సగమే అర్థమైంది. ఆ అర్థం కాని సగాన్ని కూడా ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో అందరికీ తలుపు తెరిచి చూపించాను.

అది వానాకాలం వరి కోతల సమయం. నర్సంపేటలో తోటి లెక్చరర్ కొత్త ఇంటి ప్రార్థన ఉంటే పొద్దున్నే ఒక్కణ్ణే బయలుదేరాను. బయలుదేరే ముందు కారు పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో కాలేజీ గ్రూపులో పెట్టాను. వరంగల్ దాటేసరికి అభినందనలు రావడం మొదలైంది. ఇంగ్లిష్‌లో వచ్చినవి ఆ గొంతు చక్కగా చదివింది. తెలుగులో వచ్చిన ఒక పొడుగాటి మెసేజ్‌ని మాత్రం ముక్కలు ముక్కలు చేసి పలికింది. అది మా ప్రిన్సిపాల్ పెట్టింది. నన్ను మెచ్చుకుంటున్నారని తెలుస్తోంది గానీ ఏమని మెచ్చుకున్నారో తెలియడం లేదు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. చదివాను. జవాబు కూడా రాయడం మొదలుపెట్టాను.

దారిలో గిర్నిబావి అనే ఊరు ఇంకా రాలేదు. రోడ్డుకు ఎడమవైపు సగం దాకా వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పెట్టారు. కారు టింగు టింగుమని మోగింది. పక్కకు పోతున్నావని నాకు చెప్పడానికే అది మోగిందట. నేను ఇంకో మెసేజ్ వచ్చిందనుకున్నాను. తలెత్తేసరికి చక్రం రాయెక్కింది. బ్రేక్ తొక్కితే కారు వడ్ల మీద జారింది. కాళ్లతో వడ్లు తిరగేస్తున్న ఒక ఆడమనిషి బంపర్‌కు తగిలి పక్కకు పడిపోయింది.

నేను కిందికి దిగకముందే కారులో నా భార్య గొంతు వినిపించింది. ఆమె ఫోన్‌కు అప్పుడే కబురు పోయింది.

"ఏమైందండీ? కారు గుద్దిందని వచ్చింది."

"నాకేం కాలేదు" అన్నాను. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదే. రెండో మాట, "ఎవరో ఆమె అడ్డం వచ్చింది."

పడిపోయినామెకు అరవై ఏళ్లుంటాయి. కుడికాలు మోకాలి కింద వంకరపోయి ఉంది. పక్క మడిలోంచి ఆమె భర్త పరుగెత్తుకొచ్చాడు. ఇంకో నలుగురు పోగయ్యారు. కొడతారనుకుని కారు తలుపు పట్టుకునే నిలబడ్డాను. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆమెను నా కారులోకి ఎక్కించబోతూ ఆ పెద్దమనిషి ఆగాడు.

"సార్, సీటుకు నెత్తురు అంటుతది. జర ఆగుండ్రి, సంచి పరుస్త."

వడ్ల సంచి ఒకటి దులిపి వెనక సీటు మీద పరిచాడు. నేను వద్దనాలి. అనలేదు. అతను పరిచేదాకా నిలబడ్డాను.

వరంగల్ పెద్ద దవాఖానకు తిరుగుదారి పట్టాం. ఆమె తల అతని ఒళ్లో ఉంది. మధ్యలో ఆ ఆడగొంతు మళ్లీ మొదలైంది. "కంగ్రాచ్యులేషన్స్ సర్, సూపర్ కార్" అని చదివింది. దాన్ని ఎలా ఆపాలో నాకు తెలియదు. తెర మీద ఎక్కడెక్కడో నొక్కాను. వెనక నుంచి అతను మెల్లగా అన్నాడు.

"సార్, తొవ్వ చూసి పోనియ్యుండ్రి."

మిగతా దారంతా ఆ గొంతు చదువుతూనే ఉంది. మేము ముగ్గురమూ వింటూనే ఉన్నాం.

దవాఖానలో కాలు రెండు చోట్ల విరిగిందనీ, రాడ్ వేయాలనీ చెప్పారు. రాసుకోవడానికి కానిస్టేబుల్ వచ్చాడు. ఎలా జరిగిందని నన్నే ముందు అడిగాడు. నేను గొంతు సవరించుకునేలోపు ఆ పెద్దమనిషి చేతులు జోడించాడు.

"సార్‌ది ఏం లేదు సార్. మాదే తప్పు. రోడ్డు మీద వడ్లు పోసినం."

"ఎన్నిసార్లు చెప్పినా వినరు మీరు" అని కానిస్టేబుల్ అతన్ని గదమాయించాడు. అతను తల వంచుకుని విన్నాడు. తర్వాత కానిస్టేబుల్ నా వైపు తిరిగి, "మీరు పోండ్రి సార్. అవసరముంటే పిలుస్తం" అన్నాడు. నేను సరేనన్నాను. ఆపరేషన్ ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఆ సంగతి స్టాఫ్‌రూంలో చెప్పాను కూడా. ఈ రోజుల్లో మీలాంటి వాళ్లెవరున్నారు సార్ అన్నారు. ఆ మెప్పు కాదనకుండా తీసుకున్నాను.

ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయం వచ్చింది. ఎవరి జీవితంలో దేవుడు చేసిన మేలు వాళ్లు లేచి చెబుతారు. నేను లేచాను. నర్సంపేట రోడ్డులో గొప్ప అపాయం నుంచి దేవుడు నన్ను తప్పించాడని, ఒంటి మీద గీత కూడా పడకుండా కాపాడాడని చెప్పాను. గాయపడిన సహోదరి కోసం ప్రార్థించమని కూడా అడిగాను. చెబుతుంటే నాకే కళ్లు చెమర్చాయి. అందరూ స్తోత్రం అన్నారు. పక్క వరసలో నా భార్య మాత్రం అనలేదు.

ఇంటికి వచ్చాక ఆమె రెండు ఫోన్లూ తెచ్చి బల్ల మీద పక్కపక్కనే పెట్టింది. ఒకదాంట్లో కారు పంపిన కబురు. ఇంకొకదాంట్లో కాలేజీ గ్రూపు. ప్రిన్సిపాల్‌కు నేను రాసిన జవాబు, "అంతా మీ ఆశీర్వా" దగ్గర తెగిపోయి, అట్లాగే వెళ్లిపోయి ఉంది. రెండింటి కింద ఒకటే టైము.

"ఆమె అడ్డం వచ్చిందన్నరు" అంది.

నేను నా ఫోన్ అందుకోబోతే పక్కకు జరిపింది.

"ఇంట్ల అబద్ధమాడితే నేను ఊకుంటుంటి. లేచి నిలబడి దేవుని పేరు మీద చెప్తిరి."

ఆ మధ్యాహ్నం ఆమె నాతో కలిసి అన్నం తినలేదు. పెళ్లయ్యాక అలా జరగడం అదే మొదలు.

ఆ వారంలోనే, కాలు విరిగినామె దవాఖాన నుంచి ఇంటికి వచ్చాక వాళ్ల ఊరికి వెళ్లాను. వాకిట్లో మంచం మీద కాలు చాపుకుని కూర్చుని ఉంది. ఆమె భర్త కుర్చీ తుడిచి వేశాడు. నేను కూర్చోలేదు.

"అమ్మా, ఆ రోజు నేను ఫోన్ చూస్తున్న. నీ తప్పు లేదు" అన్నాను.

ఆమె ఆశ్చర్యపోలేదు.

"నాకెరుకనే సారూ. మీ తలకాయ కిందికుండె. లేపుతడు, లేపుతడు అని చూసిన. నేను జరిగేటాల్లకే అయిపాయె."

"మరి పోలీసుకు అన్న ఎందుకట్ల చెప్పిండు?"

జవాబు అతనిచ్చాడు. "ఏం చెయ్యమంటరు సార్. వడ్లు రోడ్డు మీద పోసినోళ్లం, మా మాట ఎవలింటరు? కేసయితే స్టేషన్ చుట్టు తిరగాలె. వడ్లు ఇంకా కాంట కాకపాయె, అమ్మకపోతిమి. దీన్ని దవాఖానల చూసుకోవాల్నా, అటు తిరగాల్నా?"

"ఇప్పుడు పోయి నేను చెప్తా. ఉన్నదున్నట్టు చెప్తా."

అతని మొహం మారిపోయింది. "వద్దు సార్. మీ దండం పెడ్త. మళ్ల మమ్ముల పిలుస్తరు. అయిపోయింది, ఇడ్సిపెట్టుండ్రి."

అతను దండం పెడుతుంటే నాలో బరువు దిగినట్టయింది. అది నిజం. చెప్పడానికి వెళ్లాను, చెప్పవద్దన్నారు, ఇక నాదేం లేదు అని లోపల ఎవరో లెక్క చూసుకున్నారు. ఇవన్నీ తలుచుకుంటే ఈ రోజుకీ నాకు ఎక్కువ సిగ్గనిపించేది ఆ ఒక్క క్షణానికే.

తర్వాతి ఆదివారం చర్చిలో మళ్లీ లేచాను. పోయినవారం చెప్పింది అబద్ధమని, ఫోన్‌లో పొగడ్త చదువుకుంటూ ఒక మనిషి కాలు విరగ్గొట్టానని చెప్పాను. స్తోత్రం అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. పాస్టర్ గారు కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసి పాటకు వెళ్లిపోయారు. బయట చెప్పులు వేసుకుంటుంటే సంఘ పెద్ద ఒకాయన నా భుజం తట్టి, "అంత వివరంగ చెప్పుడు ఎందుకు తమ్మీ? ఎవలకు జరగదు" అన్నాడు. ఆయన ఓదార్పుకే అన్నాడు. ఆ మాట కింద దాక్కోవాలని మనసు లాగింది. దూరంగా నిలబడిన నా భార్య నన్నే చూస్తోంది.

చలికాలంలో, యాసంగి వరి నాట్లప్పుడు మరోసారి ఆ ఊరికి వెళ్లాను. వాడకట్టు ఆడవాళ్లంతా పొలాల్లో ఉన్నారు. ఆమె ఒక్కతే గడపలో కర్ర పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. కాలు అతికింది గానీ వంగితే నిలవదట. నాట్లకు ఎవరూ పిలవడం లేదట. "మీ ఇంట్ల మేడమ్ మంచిగున్నదా సారూ" అని అడిగింది. బాగుందన్నాను. నాకు కుర్చీ తేవడానికి ఆమె కర్ర అందుకోబోతే, వద్దని చెప్పి గడప పక్కనే కింద కూర్చున్నాను.