సినిమా తీసేసే లోపల

"శుక్రారం సినిమాకు వస్తవా? జైలు సీన్ల కనపడ్త" అన్నడు.

"నిన్నెవరు చూస్తరు గాని, సల్లారకముందు తిని పో" అన్న.

మా ఇంటాయనతోని నేను మాట్లాడిన ఆఖరి మాట గదే. గా దినమే చాంద్రాయణగుట్ట కాడ బస్సు దిగంగ గుండె ఆగింది.

లాడ్ బజార్ల గాజుల డబ్బాలు మోస్తుండె. పిలిస్తే షూటింగులకు పోయి గుంపుల నిలబడుతుండె. గీ సినిమాల ఒక పోలీసాయన మీసం తీసి ఖైదీ లెక్క జైల్లకు జొస్తడట, లోపటి గుట్టు తీస్తడట. చుట్టున్న ఖైదీలల్ల మా ఆయన ఒగడు.

ఆయన పోయిన నాలుగో దినం సినిమా వచ్చింది. నేనేమో పదకొండొద్దులు గడప దాటొద్దు. కిటికి కాడ చెవులు పెట్టి కూసున్న. ఎదురింటాయన "ఫైటింగులు మస్తున్నయ్" అంటే పానం కుదుటపడేది. పాలాయన "ఏం మస్తు భాయ్, మీసం తీస్తే పోలీసోణ్ని జైల్ల ఒక్కడు గుర్తుపట్టడా? మా బర్రెలు గూడ గుర్తుపడ్తయ్" అంటే గుండెల రాయి పడేది. బాగలేదంటే సినిమా తీసేస్తరు. గంతే నా ఫికర్.

పదో దినం, గిదంత రాస్తున్న నువ్వే వచ్చి చెప్పినవ్ బిడ్డా, రేపు సినిమా మారుతదని. నీతోని బయలెల్లిన. అత్త గడపల అడ్డం కూసున్నది.

"పదకొండు గాకముందే సినిమాకా? నలుగురు నా మొకాన ఊస్తరు."

"నీ కొడుకునే చూడబోతున్న అత్తా" అన్న.

ముసల్ది కాళ్లు పక్కకు తీసుకున్నది.

మ్యాట్నీల ఇరవై మంది లేరు. తెర మీద ఖైదీలందరికి ఒక్కటే తెల్ల బట్టలు. రెప్ప కొడ్తే పోతడేమోనని కండ్లు మండుతున్నా మూయలే. ఇంటర్వెల్ అయింది, రాలే. "ఆ సీన్ కోసేసిన్రేమో పెద్దమ్మా" అన్నవ్. నీ చెయ్యి వదలకుండ పట్టుకున్న.

గప్పుడొచ్చింది, బువ్వ తినే కాడ లొల్లి. అందరు హీరోను చూస్తుండ్రు. ఒక్కడు మాత్రం కెమెరా దిక్కు తిరిగిండు. అట్ల చూడొద్దని షూటింగులల్ల ఎన్నిసార్లు తిట్టిచ్చుకున్నడో. అయినా చూసిండు, సక్కగ నా దిక్కు.

ముంగటాయన నవ్విండు. "గీ ఖైదీ ఫోటో దిగుతుండు చూడు."

"అన్నా, గాయన మా ఇంటాయన" అన్న. "పోయి పది దినాలైంది."

ఆయన నవ్వు ఆపిండు. "మాఫ్ చెయ్యమ్మా" అని తలకాయ దించుకున్నడు. మల్ల తెర దిక్కు తిరిగేసరికి మా ఆయన లేడు.

సినిమా ఎట్లున్నదని గల్లిల అడిగిన్రు. ఏం చెప్పాలె? మా ఆయన నా దిక్కు చూసిన తాన నేను చెప్పినట్లే రాసినవా? గా ముక్క జర మెల్లగ చదువు బిడ్డా.