నోరున్న కంప్యూటరు

పోయిన వారం తిరుపతిలో ఆఫీసుకు బయలుదేరుతుంటే పుత్తూరు నుంచి నాయన ఫోను చేశాడు. "టీచరమ్మ పోయింది పాపా. నిద్దర్లోనే. కాఫీకి లేపితే లేవలేదంట," అన్నాడు. ఆ తర్వాత ఫోనులో ఆయన ఊపిరి మాత్రం వినిపించింది. చెప్పులు వేసుకుంటున్నదాన్ని అలాగే నిలబడిపోయి ఆ ఊపిరే విన్నాను. ఆ ఊపిరి ఇవాళ నిండుగా ఆడుతోందంటే అది టీచరమ్మ చలవే. మా వీధిలో అందరికీ తెలిసిన ఈ సంగతి మీకూ చెప్పాలనిపించింది.

ఆమెది మా ఎదురిల్లు. మేడ మీద టైపు ఇన్‌స్టిట్యూటు నడిపేది. నేనూ అక్కడే నేర్చుకున్నాను. అక్షరాలు కనబడకుండా మిషను మీద తువ్వాలు కప్పి, దాని కింద చేతులు పెట్టి కొట్టమనేది. "కంటితో కాదు మే, వేలితో సూడు," అనేది. తప్పు కొడితే మణికట్టు మీద చెక్క స్కేలు పడేది. ఏడుపు మొహం పెడితే అదే చేతిలో శనక్కాయల ఉండ పెట్టేది. కార్బను లేకుండా కాయితం ఎక్కిస్తే మాత్రం ఉండలు లేవు, తిట్లే. "కాపీ లేని పనీ, సాక్షి లేని పెండ్లీ ఒకటే," అని ఆమె అనని రోజు లేదు.

టైపు రోజులు పోయాక ఆమె ఒక కంప్యూటరు కొనుక్కుంది. డిస్కు పెట్టే అర ఉన్న పెద్ద డబ్బా కంప్యూటరు. నాకు ఉద్యోగం వచ్చాక కొన్న ల్యాప్‌టాపును గొప్పగా తీసుకెళ్లి చూపించాను. ఆమె దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, "దీనికి నోరేదే? నోరు లేని మిషను నాకొద్దు," అని చేతిలో పెట్టేసింది. నాకు ఒళ్లు మండింది గాని, కాలం ఆమె పక్షమే వహించింది. అందరి ఇళ్లల్లో నోరు లేని మిషన్లే మిగిలాయి. వీధిలో పెళ్లి డిస్కులూ, పెద్దమనిషి ఫంక్షన్ల డిస్కులూ అన్నీ ఆమె ఇంటికే చేరేవి. అర బయటికి వచ్చినప్పుడల్లా పసిబిడ్డకు బువ్వ పెడుతున్నట్టు తనూ "ఆ..." అని నోరు తెరిచేది. ఆ అలవాటు తనకున్నట్టు ఆమెకు తెలియదు.

ఇక మా నాయన. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం పోయినా మెడలో విజిల్ పోలేదు. సర్వీసులో ఉండగా ఒకసారి ఫుట్‌బోర్డు మీద నుంచి జారిపడ్డాడు. చెయ్యో కాలో విరిగి ఉంటే, ఎముకల కట్టుకు పేరుపడ్డ పుత్తూరు వాళ్లం, కట్టు కట్టించుకుని ఇంటికొచ్చేవాళ్లం. దెబ్బ ఛాతీకి తగిలింది కాబట్టి తిరుపతిలో స్కానింగు తీయించాం. పక్కటెముక అతుక్కుంది, ఫిల్ము చెదలు తినేసింది, దాంతో పాటు ఇచ్చిన డిస్కు మాత్రం బీరువాలో ఉండిపోయింది.

ఏళ్లు గడిచాక నాయనకు తగ్గని దగ్గు పట్టుకుంది. వేలూరులో చూపిస్తే మళ్లీ స్కానింగు తీశారు. ఊపిరితిత్తిలో మచ్చ ఉంది, ఆ ముక్క కోసి తీసేయాలన్నారు. ఆపరేషను దగ్గర పడుతుండగా ఆ డాక్టరే నాకు ఫోను చేశాడు. "పాత స్కాను ఏదైనా ఉంటే పంపించండి. ఈ మచ్చ అప్పుడూ ఇంతే ఉండి ఉంటే కోయాల్సిన పని లేదు. రేపు పొద్దున్నే నేను నిర్ణయం తీసుకోవాలి," అన్నాడు. పండక్కి పుత్తూరు వచ్చి ఉన్న నేను బీరువాలో డిస్కు వెతుకుతుంటే నాయన మెడలోని విజిల్ తీసి నా చేతిలో పెట్టాడు. "నువ్వు పెట్టుకో పాపా. ఇంక నాకు ఊదే పని లేదులే," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడిచే తీరిక లేదు.

డిస్కు దొరికింది గాని, నా ల్యాప్‌టాపుకు నోరు లేదాయె. ఆ రోజు ఆయుధపూజ. కంప్యూటరు అంగళ్లన్నీ మూసి ఉన్నాయి. తెరిచిన ఒకటీ అరాలో మిషన్లు దండలేసుకుని పూజలో కూర్చున్నాయి. పూజలో పెట్టిన పనిముట్టును ఆ రోజు ముట్టుకోకూడదని మా వైపు పట్టింపు. నాయనను వెంటబెట్టుకుని టీచరమ్మ ఇంటికి పోతే అక్కడా అదే. కంప్యూటరుకు చామంతి దండ. స్క్రీనుకో బొట్టు, కీబోర్డుకో బొట్టు. డిస్కు అరకు, సరిగ్గా ఆ సందు మీద, దండిగా గంధం, దాని నడుమ కుంకుమ.

సంగతి చెప్పి, "ముట్టుకోవచ్చా టీచరమ్మా?" అని నసిగాను.

"ఏందే ఆ అడగడం? మిషను మనకు పనికొస్తాదనే గదా మొక్కేది. పని పడిన దినం కూసోబెడితే అది పూజ ఎట్లయితాది?" అని దండ తీసి పక్కన పెట్టింది. తీస్తూ, "రవ్వంత ఓర్చుకో తల్లీ," అని పూజలోని అమ్మవారికి చెప్పుకుంది.

కంప్యూటరు వెలిగింది గాని అర తెరుచుకోలేదు. గంధం ఎండి సందంతా పట్టేసింది. ఆమె నాలుక కరుచుకుని, గాజుకు తగిలించుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. అర కింద ఉండే సన్నటి బెజ్జంలో అది గుచ్చితే, గంధం పెళ్లలు రాలి, నోరు తెరుచుకుంది. డిస్కు పెట్టి మూశాం. కంప్యూటరు ఉలకలేదు, పలకలేదు. దానికసలు డిస్కు అర ఉన్న గుర్తే స్క్రీను మీద లేదు.

"దీన్నేమన్నా చేసినారా?" అని అడిగాను.

"నేనేం సేసినా? కొత్త సిస్టమ్ ఎక్కించుకోమని అది దినామూ పొద్దున్నే వచ్చి అడగతా ఉండె. వాకిట్లోకొచ్చి అడిగేవాళ్లను ఎన్ని దినాలు పొమ్మంటామప్పా? మొన్న సరే అన్నా."

నాకు నవ్వాలో తల కొట్టుకోవాలో తెలియలేదు. మొత్తం తీసేసి పాత సిస్టమే మళ్లీ ఎక్కించేద్దామని చేతులు ఆరాటపడ్డాయి. ఆమె నా మణికట్టు పట్టుకుంది. "ఒగ కీ ఇరుక్కుంటే మిషనంతా ఇప్పుతామా? ఒగటి మార్చు, సూడు. కాకపోతే ఇంకొగటి. రెండూ ఒగేసారి మార్చినావంటే ఏది తప్పో ఎప్పటికీ తెలీదు."

సరే, ఒక్కొక్కటే చూశాం. వైర్లు బిగించాం. లాభం లేదు. కంప్యూటరు ఆపి, మళ్లీ వేసి, సిస్టమ్ ఇంకా లేవక ముందు వచ్చే నల్ల స్క్రీను చూశాం. అందులో డిస్కు డ్రైవు పేరు కనబడింది. టీచరమ్మ మొహం విప్పారింది. "పేణం ఉండాది! పలకరించేవాళ్లే లేరు."

డ్రైవు వివరాలు తీసేసి, దాన్ని మళ్లీ వెతకమని సిస్టమ్‌కు చెప్పాం. పేరు వచ్చింది గాని పక్కన ఏదో తప్పుందనే పసుపుపచ్చ గుర్తు పెట్టుకుని వచ్చింది. నాయన లోపలికి రాకుండా గడప దగ్గర స్టూలు మీద కూర్చుని మమ్మల్నే చూస్తున్నాడు. ఫోనులో వెతికితే ఒక దారి దొరికింది. వీధివాళ్లకు డిస్కులు కాపీ చేసి ఇచ్చేందుకు ఆమె ఎప్పుడో ఒక ప్రోగ్రాము పెట్టుకుంది. సిస్టమ్‌కూ డ్రైవుకూ మధ్య అది తన చిన్న ప్రోగ్రాములు రెండింటిని కాపలాదార్లుగా నిలబెట్టింది. కొత్త సిస్టమ్ వచ్చాక ఆ ప్రోగ్రాము పోయింది. కాపలాదార్ల పేర్లు మాత్రం లోపల, సిస్టమ్ తన లెక్కలన్నీ రాసుకునే రిజిస్ట్రీలో ఉండిపోయాయి. వాళ్లు పలికితే గాని ముందుకు పోనని సిస్టమ్ మొండికేసింది.

"ఇల్లు కాళీ సేసి పోయినోళ్లు గొళ్లెం పెట్టి పోయినారన్నమాట," అంది టీచరమ్మ. "తీసెయ్. అయితే కార్బను పెట్టినావా?"

నిజం చెప్తున్నాను, ఆ కంగారులో నాకు తట్టలేదు. రిజిస్ట్రీలో ఒకటి బదులు ఇంకొకటి తీసేస్తే కంప్యూటరే లేవకపోవచ్చు. ముందు దాని కాపీ ఒకటి దాచి, ఆ తర్వాతే ఒక పేరు తీసి చూసి, పలకకపోతే రెండోదీ తీసేసి, కంప్యూటరు మళ్లీ వేశాను.

లైటు మిణుకుమంది. లోపల డిస్కు గిర్రున తిరిగిన చప్పుడు వచ్చింది. అంత ఇంపైన చప్పుడు నేను మళ్లీ వినలేదు. స్క్రీను మీద నాయన పేరు, కింద ఛాతీ బొమ్మలు వరసగా! "పలికిందప్పా! కండక్టరన్నా, పలికింది!" అని టీచరమ్మ చప్పట్లు కొట్టింది. "ముందు కాపీ తియ్యి, ఆమైన ఎగురుదాం," అన్నదీ ఆమే.

బొమ్మలు వేలూరుకు పంపాం. పొద్దు వాలకముందే డాక్టరు ఫోను వచ్చింది. అందరికీ వినబడేలా పెట్టాను. "అదే మచ్చ. అప్పుడెంతో ఇప్పుడూ అంతే. ఆపరేషను అక్కర్లేదు. దగ్గుకు మందు రాస్తాను," అన్నాడు.

నాయన నా ముందు చెయ్యి చాపాడు. విజిల్ ఇచ్చాను. వాకిట్లోకి పోయి, గుండెల నిండా గాలి పీల్చి ఊదాడు. వీధి కుక్కలన్నీ లేచాయి. అందరూ బయటికి వచ్చారు. ఊది ఊది ఆపడే! "సాల్లే కండక్టరన్నా, బస్సు ఎప్పుడో ఎల్లిపోయింది," అని టీచరమ్మ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. మిగిలిన గంధం మా నాయన నుదుటికి పెట్టింది.

ఆ తర్వాత ఏ ఆయుధపూజకూ ఆమె కంప్యూటరుకు సెలవు ఇవ్వలేదు. బొట్టు సందు మీద కాకుండా పైన పెట్టి, దండ వేసి, ఆ రోజు ఎవరిదో ఒకరి డిస్కు తప్పకుండా తిప్పేది. పండక్కి పనిముట్టు నోరు తీపి చేయాలి కదా అనేది. టీచరమ్మా, మా ఇంటి నోరు తీపి చేసింది మీరు. అది మీకు బతికుండగానే చెప్పగలిగాను, ఆ తృప్తి నాకుంది.

పోయిన వారం ఆమెను తీసుకెళ్లే బండి వీధిలోకి వచ్చింది. పూలు కప్పారు. ఆమె దగ్గర టైపు నేర్చుకున్న ఆడవాళ్లం బండి చుట్టూ నిలబడ్డాం. డ్రైవరు ఇంజను వేసి, ఎవరైనా పొమ్మంటారేమోనని వెనక్కి చూశాడు. అప్పుడు నాయన బండి వెనకవైపుకు నడిచాడు. ఒక చెయ్యి తలుపు మీద వేసి, మెడలోని విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.

కండక్టరు విజిల్ ఒకటి కొడితే ఆగమని, రెండు కొడితే పొమ్మని. నాయన రెండు కొట్టాడు. ఎక్కడా దగ్గు రాలేదు, ఊపిరి తెగలేదు. బండి కదిలి వీధి మలుపు తిరిగేదాకా ఆ రెండోది మోగుతూనే ఉంది.