ఏ గ్రేడండి?

ఒక్క అక్షరాన్ని నమ్మి ఐదేళ్ళ కూతుర్నీ, కాపురాన్నీ ఒకేసారి గండంలో పెట్టిన ఘనుణ్ణి నేను. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు నేను పరిగెత్తిన పరుగు మాత్రం నాకే తెలుసు.

రెండువేల ఐదో ఆరో, ఎండాకాలం. మా దివ్యని ఒకటో తరగతిలో చేర్చాలి. అది ఇంట్లో గలగలా మాట్లాడుతుంది, కొత్తవాళ్ళ ముందు నోరు విప్పదు. ఒంటేలొచ్చినా చెప్పదు, మొహం ముడుచుకుని నిలబడుతుంది. మా ఫరంపేట వీధి చివరి బడిలో మేరీ టీచరుకి ఆ మొహం సంగతి తెలుసు. అందుకని మా ఆవిడ రాణి అక్కడే చేరుద్దామంది. నాకేమో పిల్ల భవిష్యత్తంటే హడలు. మెట్టకూరులో ఓ బడికి ఇన్‌స్పెక్షన్‌లో మంచి గ్రేడొచ్చిందని టీకొట్టు దగ్గర విన్నాను. రూఢి చేసుకుందామని ఫోన్ చేశాను. సెలవులు కదా, ఆఫీసు ఊడుస్తున్న ఆయా ఎత్తింది.

“మీ బడికి ఇన్‌స్పెక్షన్‌లో ఏ గ్రేడొచ్చిందండి?”

“ఏ గ్రేడండి?”

“ఏ గ్రేడేనా?”

“ఏ గ్రేడోనండి...”

ఇంకేం కావాలి? ఫోన్ పెట్టేసి రాణి దగ్గరికి పరిగెత్తాను.

“ఏ గ్రేడంట. ఒకటికి రెండుసార్లు చెప్పింది.”

“గ్రేడు సరేనండి. పిల్లకి ఒంటేలొస్తే ఎవరు కనిపెడతారో అడిగారా?”

“మన ఊళ్ళని ఏలే పాండిచ్చేరి నుంచి అంత పెద్ద ఆఫీసర్లొచ్చి, అది చూడకుండానే ఇచ్చేస్తారేంటి?”

వాళ్ళేం చూస్తారో నాకూ తెలియదనుకోండి. జూన్‌లో చేర్పించేశాను. పదిరోజులపాటు గేటు దగ్గర దివ్య వెనక్కి తిరిగి చూస్తూనే లోపలికెళ్ళింది.

పదకొండో రోజు తల్లిదండ్రుల మీటింగు. హెడ్మాస్టరు గొంతు సవరించుకుని, “పోయినసారి మనకి సి గ్రేడొచ్చిందండి. ఈసారి మీరంతా సహకరించాలి” అన్నాడు. ఆడవాళ్ళ వరసలోంచి రాణి మెల్లగా తల తిప్పి నావైపు చూసింది. నేను ముందున్నాయన వీపు చాటుకి జరిగాను.

“పిల్లని తీసుకొచ్చెయ్యండి” అంది బయటికొచ్చాక.

క్లాసులో దివ్య లేదు. టీచరమ్మ బల్లల కింద కూడా వెతికి, “ఇందాకటిదాకా ఇక్కడే ఉందండి” అంది. బడి వెనక గోడ లేదు, పంటకాలవ ఉంది. పరిగెత్తుతుంటే ఒక చెప్పు ఎక్కడో ఊడిపోయింది. కాలవలో ఎర్రగుడ్డ కనబడేసరికి పైప్రాణాలు పైనే పోయాయి. తీరా చూస్తే ఎవరిదో తువ్వాలు. దేవుడా, గ్రేడూ వద్దు, చదువూ వద్దు, పిల్లని చూపించు చాలని పైకే అనేశాను.

వెనక్కి పరిగెత్తుకొస్తే, బాత్రూము దగ్గర దివ్య చేతులు కడుక్కుంటోంది. ముసలి ఆయా మగ్గుతో నీళ్ళు పోస్తోంది.

“మొహం ముడిచిందంటే ఒంటేలేనండి. మొదట్రోజే కనిపెట్టేసాను” అంది.

ఆ గొంతు గుర్తుపట్టాను. “ఏ గ్రేడని ఫోన్లో చెప్పింది నువ్వేనా అమ్మా?”

“నేనెందుకు చెప్తానండి? మీరడిగింది అర్థంగాక, ఏ గ్రేడండి అని మిమ్మల్నే అడిగానండి. ఏ గ్రేడోనండి, నాకు తెల్దు, మేస్టారొచ్చాక చెయ్యండి అనేలోపే పెట్టేసారు.”

వెనకే వచ్చిన రాణి అంతా వింది. దివ్య చెయ్యి పట్టుకుని, “పదమ్మా, మేరీ టీచరు దగ్గర చేరిపోదాం” అంది.

దివ్య ఆయా చీరకొంగు పట్టుకుంది. పరాయి మనిషి ముందు అది గొంతెత్తి మాట్లాడటం అదే మొదలు. “నేన్రాను. ఆయమ్మ దగ్గరే చదువుకుంటాను.”

ఐదో తరగతిదాకా అక్కడే చదివింది. ఆ మీటింగు రోజు సాయంత్రం ఇంటికెళ్ళాక రాణి నడుం మీద చెయ్యేసుకుని అడిగింది.

“ఇంతకీ మీకే గ్రేడు ఇమ్మంటారు?”

హడలిపోయిన నా నోట్లోంచి వచ్చింది ఒకటే మాట.

“ఏ గ్రేడండి?”

అందుకే దివ్య పలక మీద కుడిచెయ్యి పెట్టి ప్రమాణం చేశాను. ‘ఏ’తో మొదలయ్యే ప్రశ్న ఈ జన్మలో ఎవర్నీ అడగను. ఏ కూర వండావని కూడా అడగను. పెట్టింది తింటాను.