రేపల్లె నుంచి రాసే అమ్మాయి

తెనాలి నుంచి రోజూ రైల్లో బాపట్ల వెళ్లి, అక్కడి ప్రైవేటు జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పేదాన్ని. బాపట్ల స్టేషన్ దగ్గర ఒక నెట్ సెంటర్ ఉండేది. ప్లైవుడ్ చెక్కలతో అరలు కట్టి, అరకొక పరదా వేలాడదీశారు. సాయంత్రం రైలు ఆలస్యమని తెలిస్తే నేనూ, అదే కాలేజీలో ఇంగ్లీషు చెప్పే నా స్నేహితురాలూ అక్కడికి పోయి కూర్చునేవాళ్లం. అప్పట్లో కుర్రకారంతా ఒక స్నేహాల సైటు మీద పడ్డారు. మన పేరూ ఊరూ ఉద్యోగమూ రాసి ఒక పేజీ పెట్టుకుంటే, ఎప్పుడో విడిపోయిన క్లాసుమేట్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. నా పేజీ నా స్నేహితురాలే తయారుచేసింది. ఫొటోకి మాత్రం నేను ఒప్పుకోలేదు. మందారపువ్వు బొమ్మ పెట్టింది.

"పువ్వుని చూసి ఎవరొస్తారే?" అంది.

"రాకపోతే మరీ మంచిది" అన్నాను.

వచ్చింది ఒకమ్మాయి. తనది రేపల్లె అనీ, డిగ్రీ చివరి సంవత్సరమనీ, నన్ను తెనాలి ప్లాట్‌ఫారం మీద చాలాసార్లు చూశాననీ, పాఠాలు చెప్పేవాళ్లంటే తనకు ఇష్టమనీ రాసింది. ఆమె పేజీలో కూడా ఫొటో లేదు, బోసినవ్వుల పసిపాప బొమ్మ ఉంది. నాకు అనుమానం కలగలేదు. నేనే పువ్వు చాటున కూర్చున్నదాన్ని, పాప చాటున ఎవరున్నారని ఎలా అడగను?

ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకునేవాళ్లం. పేజీ మీద రాస్తే ఊరంతా చదువుతుంది కాబట్టి, ఉత్తరంలా విడిగా పంపుకునేవాళ్లం. ఆమె నన్ను అక్కా అనేది. ఏం కూర వండారు, మీకు కోపం వస్తే ఏం చేస్తారు, మీ నాన్నగారు ఎలాంటివారు, ఉమ్మడి కుటుంబంలో ఉండగలరా, ఇలాంటివి అడిగేది. అడిగే తీరులో ఎంత ఆపేక్ష ఉండేదంటే, నాలుగు నెలలయ్యేసరికి రోజూ రైలుకి ముందు నెట్ సెంటర్‌కి పోయేదాన్ని, ఆమె ఉత్తరం రాని రోజు ఏదో వెలితిగా ఉండేది. ఇంట్లో చెప్పనివి కూడా ఆమెకు రాశాను. కొలకలూరు హైస్కూల్లో లెక్కలు చెప్పే మా నాన్న, హెడ్మాస్టరుని ఏదైనా అడగాల్సి వస్తే ముందు అద్దం ముందు నిలబడి ఇద్దరి గొంతులతోనూ మాట్లాడి చూసుకుంటారు. ఆయన అలా చేస్తారని నాకు తెలుసన్న సంగతి ఆయనకే తెలియదు. అది రాశాను. నిడుబ్రోలులో మంచినీళ్ల కోసం రైలు దిగబోయి ఫుట్‌బోర్డు మీద జారి మోకాలు చితక్కొట్టుకున్న సంగతీ రాశాను. అమ్మకి తెలిస్తే ఉద్యోగం మానిపిస్తుందని ఇంట్లో కుంటకుండా నడిచేదాన్ని. ఆ దెబ్బ సంగతి ఇద్దరికే తెలుసు. ఆ రోజు పక్కనే ఉన్న నా స్నేహితురాలికీ, రేపల్లె నుంచి రాసే అమ్మాయికీ.

ఆ రోజుల్లోనే రేపల్లె సంబంధం వచ్చింది. అబ్బాయి బాంకులో పనిచేస్తాడు. తండ్రి వడ్ల వ్యాపారం. అదే ఊళ్లో ఉంటున్న మా పిన్నికి ఎరిగున్నవాళ్లు. అంతకు ఆర్నెల్ల ముందే పిన్ని నా సంగతి వాళ్ల చెవిన వేసిందట. ఒక ఆదివారం పొద్దున అబ్బాయి, తల్లిదండ్రులు, అక్క మా ఇంటికి వచ్చారు. అక్క చీరాల్లో అత్తవారింటి నుంచి వచ్చేసి పుట్టింట్లోనే ఉంటోందని మధ్యవర్తి ముందే చెప్పాడు. ముప్పై దాటిన మనిషి, మాట తక్కువ. నేను కాఫీ కప్పులున్న పళ్లెం బల్ల మీద పెట్టడానికి వంగుతుంటే ఆమె చటుక్కున అంది.

"నెమ్మదమ్మా. మోకాలు నొప్పి తగ్గిందా?"

అమ్మ నా వైపు చూసింది. "మోకాలికేమైంది?"

అక్క ముఖంలో రంగు మారింది. "ఏం లేదండి, లోపలి నుంచి వస్తుంటే కుంటుతున్నట్టు కనిపించింది" అంది.

నేను కుంటడం లేదు. అప్పటికి దెబ్బ మానిపోయింది కూడా.

మర్నాడు రైల్లో నేను నా స్నేహితురాలి పక్కన కాకుండా ఎదుటి సీట్లో కూర్చున్నాను. వాళ్ల మేనమామది రేపల్లె దగ్గర భట్టిప్రోలు. ఆయన ద్వారా ఈమే చెప్పి ఉంటుందని రాత్రంతా అనుకున్నాను. అపరిచితురాలి కంటే తెలిసిన మనిషిని అనుమానించడమే నాకు తేలికైంది. అప్పికట్ల దాటేదాకా ఊరుకుని, ఆమే అడిగింది.

"ఏంటి, నా మీద ఏమైనా కోపమా?"

జరిగింది చెప్పాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ విని, "నన్నే అనుకున్నావు కదూ" అంది.

"అవును."

"సరే. అయితే నాకొక అబద్ధం చెప్పు. ఆ అమ్మాయికి ఇంకో అబద్ధం రాయి. ఏది తిరిగొస్తుందో చూద్దాం."

అలా అనడంతోనే ఆమె మీద నా అనుమానం సగం పోయింది. మిగతా సగం ఉంచుకునే, ఆమె చెప్పినట్టే చేశాను. పెళ్లయ్యాక స్కూటరు నేర్చుకుంటానని ఆమెకు చెప్పాను. హైదరాబాదు వెళ్లి హాస్టల్లో ఉండి పరిశోధన చేయాలని ఉందని రేపల్లె అమ్మాయికి రాశాను. నాకు అలాంటి ఆలోచనే లేదు.

వారం తిరక్కుండా మధ్యవర్తి మా వరండాలో కూర్చుని ఉన్నాడు. అవీ ఇవీ మాట్లాడి, లేచేముందు నాన్నతో అన్నాడు. "మాస్టారూ, అమ్మాయికి పై చదువులకి హైదరాబాదు పోయే ఉద్దేశం ఏమన్నా ఉందాండి? ఊరికే అడగమన్నారు."

"అబ్బే, అలాంటిదేం లేదండి" అన్నారు నాన్న.

వంటింటి గుమ్మంలో నిలబడి విన్నాను. ఆ అమ్మాయి వాళ్లకి తెలిసినదై ఉండాలి, లేదా వాళ్ల ఇంట్లోనే ఉండాలి. అబ్బాయే ఆడపిల్లలా రాస్తున్నాడేమో అని కూడా అనిపించింది. ఆదివారం మా పిన్ని ఇంటికి వస్తున్నాను, ఒకసారి కనపడమని ఆమెకు రాశాను. ఆ రోజు అమ్మమ్మగారి ఊరు వెళ్తున్నానని జవాబు వచ్చింది.

అయినా వెళ్లాను. పిన్నికి అంతా చెప్పి, వాళ్లింటికి తీసుకెళ్లమని అడిగాను.

"పెళ్లి కాకముందు నువ్వు వాళ్ల గడప తొక్కడం పద్ధతి కాదే" అంది పిన్ని.

"వాళ్లు తొక్కారుగా పిన్నీ."

పిన్నికి అర్థమైంది. శుక్రవారం ఇంట్లో పేరంటం ఉంది. బొట్టు పెట్టి పిలిచే వంకతో కుంకుమ భరిణె పట్టుకుని బయల్దేరింది. నేను తోడు వెళ్లినట్టు వెనక నడిచాను.

తలుపు తీసింది అక్కే. నన్ను చూసి పక్కకు జరగడం మర్చిపోయింది. లోపల హాల్లో అబ్బాయి, వాళ్ల నాన్న భోజనాల బల్ల దగ్గర ఇడ్లీ తింటున్నారు. ఆ బల్లకి ఎదురుగా, గోడవారగా, అల్లికల గుడ్డ కప్పిన కంప్యూటరు ఉంది. తల్లి చేతులు తుడుచుకుంటూ వచ్చి నన్ను చూసి నిజంగానే సంతోషించింది. పిన్ని చేత బొట్టు పెట్టించుకుని నా చెయ్యి పట్టుకుంది.

"రా అమ్మా, కూర్చో. నువ్వు రాసేవన్నీ మా అమ్మాయి చదివి వినిపిస్తుంది. ఎంత బాగా రాస్తావో. మీ నాన్నగారు అద్దం ముందు హెడ్మాస్టరుతో మాట్లాడతారని రాశావు చూడు, ఆ రోజు అన్నాల దగ్గర నవ్వలేక చచ్చామనుకో."

మామగారు కాబోయే ఆయన ఆ మాటకి మళ్లీ నవ్వాడు. అబ్బాయి ప్లేటులోకి చూస్తూ ఉండిపోయాడు. అక్క గోడవైపు తిరిగింది. ఆ తల్లికి తను చెప్పింది చెప్పకూడనిదని తోచనే లేదు. మెచ్చుకుంటున్నాననే అనుకుంది.

మంచినీళ్లు తాగి లేచాను. నన్ను మోసం చేశారన్న కోపం తర్వాత వచ్చింది. ముందు మా నాన్న కనిపించారు, తెల్ల చొక్కా గుండీలు పెట్టుకుంటూ అద్దం ముందు నిలబడి, మెల్లగా, "సార్, ఒక్క మనవి" అంటూ. ఎవరూ చూడటం లేదనుకుని ఆయన చేసుకున్న పనిని నలుగురి భోజనాల మధ్య పెట్టారు.

మంగళవారం అబ్బాయి బాపట్ల వచ్చాడు. కాలేజీ గేటు దగ్గర, నా స్నేహితురాలు నాలుగడుగుల దూరంలో ఉండగా మాట్లాడాం. మర్యాదగానే మాట్లాడాడు.

"అక్క మా మేలు కోరే చేసిందండి. తన పెళ్లప్పుడు ఎవరూ ఏమీ విచారించలేదు, అందుకని. మీరు రాసినవాటిలో వంక పెట్టేదేం లేదు. దాచుకునేది లేనప్పుడు చదివితే ఏమైందండి?"

"మరి మీరెందుకు దాక్కున్నారండి?" అన్నాను.

ఆ మాట అంటూనే ఈ సంబంధం వద్దని తేల్చేసుకున్నాను.

నాన్నకి కారణం చెప్పక తప్పలేదు. అద్దం సంగతి దాటవేద్దామని చూశాను గానీ, ఆయన లెక్కల మాస్టారు, మధ్యలో ఒక మెట్టు వదిలేస్తే పట్టేస్తారు. అంతా విన్నారు.

"నవ్వారా?" అన్నారు చివరికి.

"నవ్వారట నాన్నా."

"నువ్వు రాసింది నిజమేగా." అంతే అన్నారు. మర్నాడు మధ్యవర్తి ఇంటికి తనే వెళ్లి, సంబంధం వద్దని చెప్పి వచ్చారు. నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ తర్వాత అద్దం ఉన్న గదిలోకి వెళ్లేటప్పుడు తలుపు గడియ పెట్టుకునేవారు. ఆ గడియ చప్పుడు వినిపించినప్పుడల్లా నాకు రేపల్లెలోని ఆ భోజనాల బల్ల మీద కోపం వచ్చేది.

పసిపాప బొమ్మ ఉన్న పేజీ మాయమైపోయింది. కొన్నాళ్లకి ఆ అక్క తన సొంత పేరుతో, సొంత ఫొటోతో ఒక పేజీ పెట్టి నాకు రాసింది. "మొదట్లో నిన్ను పరీక్ష చేద్దామనే మొదలుపెట్టాను. తర్వాత పరీక్ష సంగతి మర్చిపోయాను. నీకు రాయడానికే పొద్దున్నే లేచేదాన్ని. నన్ను నమ్మకపోయినా తిట్టడానికైనా జవాబియ్యి."

నెట్ సెంటర్ అరలో కూర్చుని దాన్ని మళ్లీ మళ్లీ చదివాను. మాటలు ఆమెవే. అయితే ఇది రాసేటప్పుడు వెనక ఎవరు కూర్చున్నారో తెరమీద కనపడదు. తల్లి ఉందేమో. తమ్ముడే చెప్పి రాయించాడేమో. ఒక్కర్తివే తెనాలి రాగలిగితే మాట్లాడతానని జవాబిచ్చాను.

వచ్చింది. రేపల్లె బండి ఆగే ప్లాట్‌ఫారం మీద సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. ఆమె వెనక పెట్టెల్లోంచి ఇంకెవరైనా దిగుతారేమోనని చివరిదాకా చూశాను. ఎవరూ దిగలేదు. చూస్తే రెండుసార్లు మాత్రమే ఎదురుపడ్డ కొత్త మనిషి. కళ్లు పక్కకి తిప్పుకుని వింటే మాత్రం రోజూ నాకు రాసిన మనిషే.

"చదివావు సరే. పైకి ఎందుకు చదివావు?" అని అడిగాను. నేను అడగదలచుకున్నది అదొక్కటే.

ఆమె చీర చెంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "చీరాల నుంచి వచ్చేశాక ఆ ఇంట్లో నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడరు. అన్నం తిన్నావా, తలుపేశావా, అంతే. నీ ఉత్తరం చదువుతుంటే మాత్రం నాన్న కూడా చెయ్యి ఆపి వినేవారు. ఆ కాసేపూ నా గొంతు వినేవాళ్లు ఉండేవాళ్లు."

అది నిజమేనని నాకు అనిపించింది. నిజమని అనిపించేలా రాయగలిగిన మనిషే అది చెబుతోందనీ అనిపించింది. రెండూ ఒకేసారి అనిపిస్తే ఏం చేయాలో తెలియక, స్టాల్‌లో రెండు టీలు తెచ్చాను. తాగాం. బండి కదిలేముందు కిటికీలోంచి, "మళ్లీ రాస్తావా?" అంది.

"రాయను. ఫోన్ చేస్తాను" అన్నాను.

చేశాను. నా పెళ్లి వేరేచోట జరిగి, కాపురం గుంటూరుకి మారాక కూడా అప్పుడప్పుడూ మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఆమెకి చెప్పదలచుకున్నది నోటితోనే చెబుతాను, అక్షరం మాత్రం రాయను. మాట్లాడుతుండగా ఒక్కోసారి అవతల కుర్చీ జరిగినట్టో, ఎవరో దగ్గినట్టో వినిపిస్తుంది.

"పక్కన ఎవరైనా ఉన్నారా?" అంటాను.

"లేరు, టీవీ" అంటుంది.

టీవీయే అయి ఉండొచ్చు. చెప్పబోయిన మాట ఆపి, అక్కడ వానలు ఎలా ఉన్నాయని అడుగుతాను.