తనకు తానే కఫీల్

సౌదీలోని దమ్మామ్‌లో ఇల్లు మారుతుంటే అట్టపెట్టె అడుగున నాయన పుస్తకం దొరికింది. ఒక ఫ్రెంచి రచయిత జీవితం, రచనల గురించి తెలుగులో వచ్చిన పుస్తకం. తెరవగానే నాయన పనిచేసిన గోదాములోని యాలకుల వాసన వచ్చింది.

శుక్రవారం సెలవు కదా, మధ్యాహ్నం పూట నాయన దాన్ని పైకి చదివేవాడు. నాకప్పుడు ఏడేళ్లు. “నవలాకారుడు, విమర్శకుడు” అన్న చోట ఆపి, విమర్శకుడంటే ఎవరని అడిగాను.

“ఒకరు రాసింది బాగుందో లేదో చెప్పేటాయన, పాపా.”

నాకు తెలిసి ఒకరి పని బాగుందో లేదో తేల్చేది కఫీల్, అంటే వీసా ఇచ్చి నాయనను పనికి పిలిపించుకున్న అరబ్బు యజమాని, ఒక్కడే. నాయన కడపకు పోవాలన్నా, వేరే పనిలో చేరాలన్నా ఆయన సంతకం పెట్టాల్సిందే.

“అంటే పుస్తకాలకు కఫీలా? మరి ఈయన పుస్తకాలకు ఎవరు కఫీల్?”

“రాసేదీ ఈయనే, విమర్శకుడూ ఈయనే గదమ్మా!”

“అయితే ఈయనకు ఈయనే కఫీల్!” అన్నాను. అంత గొప్ప మనిషి లోకంలో ఉంటాడని అప్పటిదాకా నాకు తెలియదు.

నాయన పడీపడీ నవ్వాడు. నేను ఉక్రోషంతో లోపలికి వెళ్లిపోయాను.

విమర్శకుడి సంతకం కోసం ఏ పుస్తకమూ ఆగదని పెద్దయ్యాక తెలిసింది. ఆ రచయిత విమర్శల్లో ఎక్కువ భాగం ఇతరుల పుస్తకాలను మనసారా మెచ్చుకున్నవేనని కూడా.

ఇవాళ ఆ పేజీ తీస్తే, “విమర్శకుడు” పక్కన నాయన పెన్సిలుతో రాసుకున్న నా మాట కనిపించింది: “తనకు తానే కఫీల్.” ఎన్నిసార్లు దిద్దుకున్నాడో, కాగితం అవతలి వైపు కూడా ఆ అక్షరాలు వేలికి తగులుతున్నాయి.